పచ్చ మరక

పిచ్చుకా,

అమ్మ నిండు మనసుతో దీవించి రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆ 'అందరం' దగ్గర ఆగిపోయాను. ఇప్పుడు అందరం అంటే నేనూ, మీ నాన్నే. ఇద్దరం బాగానే ఉన్నాం. నువ్వు బాగుంటే సంతోషం. బాగాలేకపోతే దాచకుండా రాయి, అమ్మ దగ్గర మొహమాటం ఏమిటి?

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నేను 'ఆ' అంటాను, నువ్వు 'ఊ' అంటావు, తర్వాత ఇద్దరం ముక్కులు చీదుకుంటాం. మాట ముందుకు పోదు. కాగితం అయితే నేను ఏడ్చినా దానికి వినపడదు. అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో. నేను బడికి వెళ్ళింది తక్కువ, బడి ఎగ్గొట్టింది ఎక్కువ.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మెట్లు ఎక్కేటప్పుడు తిడతాయి, దిగేటప్పుడు ఊరుకుంటాయి. మీ నాన్న బస్సు డ్యూటీకి వెళుతున్నారు, వేళకి తింటున్నారు, మాట మాత్రం తగ్గింది. లాండ్రీ పని మానెయ్యమన్నావు. మానేసి ఏం చెయ్యను? గోడలు చూస్తూ కూర్చోనా? హోటలు దుప్పట్లు ఉతుకుతుంటే చేతులకైనా పని ఉంటుంది. అక్కడ ఒక్కటే కష్టం. నేను లోపలికి రాగానే అందరూ మాటలు ఆపేస్తున్నారు. సినిమాలో దెయ్యం గుమ్మంలోకి వచ్చినప్పుడు పాట ఆగిపోతుంది చూడు, అలా.

ఇక నువ్వు అడిగిన పెద్ద మాట. మీ అన్న చివరిగా పని చేసిన సినిమా బొమ్మలు నీ బల్ల మీదకే వచ్చాయన్నావు. వాడు పచ్చ డ్రెస్సులో, హీరో వీపు వెనక ఎగిరే గుడ్డ కొసలు పట్టుకుని ఉన్నాడన్నావు. కంప్యూటరులో వాడిని తుడిచెయ్యడమే నీ పని. 'నేనే తుడవనా అమ్మా, వేరేవాళ్ళకి ఇచ్చెయ్యనా?' అని అడిగావు. ఆ కాగితం చదివి మడిచి డబ్బాలో పెట్టాను. మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టాను. జవాబు రాస్తాను. కానీ ముందు నా కడుపులో మంట కాస్త చల్లారాలి. లేకపోతే ఆ మంటలోనే జవాబు రాసేస్తాను, అది నీకు మంచిది కాదు.

మంట ఎక్కడ మొదలైందో చెబుతాను. ఎదురు వాటా పిన్ని ఉందిగా, ఆవిడకి నా మీద జాలి. జాలి ఉన్నవాళ్ళు తిండి తెస్తారు. ఈవిడ దెయ్యం సినిమాలు తెచ్చింది.

"అక్కా, ఏడుపు సినిమాలు వద్దు నీకు. ఇవి చూడు. భయపడుతూ కూర్చుంటే బాధపడ్డానికి తీరికుండదు."

"నాకింక భయం దేనికే? భయపడాల్సింది అయిపోయింది."

"అదే అంటున్నా. ఊరికే చూడు. నాకు ఒక్కదానికీ చూడాలంటే భయం."

అసలు సంగతి అదీ. ఆవిడకి తోడు కావాలి, జాలి పేరు పెట్టింది. సరే అని కూర్చున్నాను. ఒకటి చూశాను, రెండోది చూశాను. తర్వాత అన్నీ ఒకటే అని తెలిసిపోయింది. ఎంత ఒళ్ళు మండిందో! ఇల్లు చవగ్గా వస్తోందంటే ఎందుకు చవకో ఒక్కడూ అడగడు. తోటవాడు 'ఆ గది తలుపు తియ్యకండి' అంటాడు, సామాను దించకముందే ఆ గదే తీస్తారు. కరెంటు పోతుంది. ఫోను మూగబోతుంది. నిన్నటిదాకా గుర్రంలా పరుగెత్తిన కారు ఇవాళ కుయ్యోమంటుంది. చప్పుడైన వైపే ఆ హీరోయిన్ పిల్ల కొవ్వొత్తి పట్టుకుని పోతుంది. పోతూ పోతూ 'ఎవరది? ఎవరది?' అని అడుగుతుంది.

నాకు ఉండబట్టక, "దెయ్యం 'నేనేనండీ, లోపలికి రండి' అంటుందా?" అన్నాను.

పిన్ని నవ్వింది. మీ నాన్న మొహానికి దిండు అడ్డం పెట్టుకుని, "అయిపోయిందా? అయిపోయిందా?" అంటున్నారు. ఇంత పెద్ద బస్సు నడిపే మనిషి!

ముందు పిల్లి దూకుతుంది. అమ్మయ్య, పిల్లే కదా అనుకోగానే వెనకనుంచి అసలుది వస్తుంది. ఇదొక పద్ధతి. అందరూ గుంపుగా ఉంటే బతుకుతారు కదా, అబ్బే, 'మనం విడిపోయి వెతుకుదాం' అంటారు. ఆ దెయ్యం బట్టలు చూశావా? పాడుబడ్డ బావిలోంచి లేస్తుంది, ఒంటిమీద మల్లెపూవు లాంటి తెల్లబట్ట. ఒక్క చుక్క బురద ఉండదు. ఎవరు ఉతికారే దానికి? బావి నీళ్ళలో అంత తెలుపు ఎక్కడినుంచి వస్తుంది? తెల్ల దుప్పటి తెల్లగా ఉంచడానికి నా చేతులు ఎన్నిసార్లు పగిలాయో ఆ సినిమా తీసినవాడికి తెలియాలి.

ఇదంతా నవ్వులాట. నవ్వుకున్నాను కూడా. వాడు పోయాక నేను నవ్వడం అదే మొదలు. పిన్ని ఆ నవ్వు చూసి మురిసిపోయి ఇంకొకటి పెట్టింది. అందులో దెయ్యం ఎవరో తెలుసా? బిడ్డ పోయిన తల్లి. అంతకు ముందు దాంట్లోనూ అంతే, బిడ్డ పోయిన తల్లే. నేను కాస్త సర్దుకుని కూర్చున్నాను. అది జుట్టు విరబోసుకుని గోడలు పాకుతోంది. ఊళ్ళోవాళ్ళ పిల్లల పీకలు నొక్కుతోంది. ఎందుకంటే తన బిడ్డ పోయింది కాబట్టి!

నేను లేచి నిలబడ్డాను. "ఆపెయ్ దాన్ని," అన్నాను.

"ఏమైందక్కా?"

"ఏమైందా? నా బిడ్డ పోయాడు. నేను ఎవరి పీక నొక్కాను? నీ మనవడు రోజూ మన మెట్ల మీద ఆడుకుంటున్నాడు, వాడి పీక నొక్కానా? వాడి బూటు లేసు కట్టాను పొద్దున. బిడ్డ పోయినదానికి జుట్టు విరబోసుకునే తీరిక ఎక్కడుందే? పొద్దున్నే దుప్పట్లు నానబెట్టాలి. ఎవడు రాస్తాడు ఈ కథలు? వాడికి అమ్మ లేదా?"

పిన్ని టీవీ కట్టేసి, నా చెయ్యి పట్టుకుని, "తెలీక పెట్టాను అక్కా, దాని మొహం మండ" అంది. ఆవిడ తప్పేముంది? మీ నాన్న దిండు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

మంట సగం అది. మిగతా సగం మర్నాడు టీవీలో. ఎగిరే వీరుడి సినిమా తెర వెనక రహస్యాలు అని వచ్చింది. మీ అన్న చేసిన మొదటి భాగం గురించి. మీ నాన్న పిలిస్తే తడి చేతులతో పరుగెత్తుకొచ్చి కూర్చున్నాను. అన్నీ చెప్పారు పిచ్చుకా. కండలన్నీ స్పాంజి అట, లోపల కుట్టారట. ముసుగులో ఉక్క పోయకుండా చిన్న ఫ్యాను పెట్టారట. ఎగిరేటప్పుడు హీరో బల్లమీద బోర్లా పడుకుంటాడట, ఎదురుగా పెద్ద పంకా. ఆయన పగలగొట్టిన ఇనప గోడ అట్టముక్క. ఆ డ్రెస్సులో కూర్చోలేక నిలబడే భోంచేశాడట, దాని గురించి ఎంతసేపు చెప్పారో! ఆయన తిన్న పళ్ళ ముక్కలు కూడా చెప్పారు. నేను చెంగు నోట్లో కుక్కుకుని ఎదురు చూస్తున్నాను, ఇప్పుడు గుడ్డ సంగతి వస్తుందీ, ఇప్పుడు వస్తుందీ అని.

వచ్చింది. అడిగే అమ్మాయి అడిగింది, "మరి ఆ ఊదారంగు వస్త్రం అంత అందంగా ఎలా ఎగురుతుందండీ? థియేటర్లో దానికే ఈలలు వేస్తున్నారు!"

డైరెక్టరు నవ్వాడు. "ఓ, అదా? అదంతా కంప్యూటరండీ," అన్నాడు.

ఇంకో మాట లేదు. మళ్ళీ పళ్ళ ముక్కల దగ్గరికి పోయారు.

కంప్యూటరట! మీ అన్న తల నుంచి కాళ్ళ దాకా పచ్చ గుడ్డ చుట్టుకుని, కళ్ళ దగ్గర చిన్న వలలోంచి చూస్తూ, హీరో వీపు వెనక గొంతు కూర్చుని ఆ కొసలు ఎగరేశాడు. ఆ డ్రెస్సు చూసి అందరూ చిలకా చిలకా అని పిలిచేవాళ్ళు. ఇంట్లో ఒక పిచ్చుక ఉందిగా, ఇప్పుడు చిలక కూడా వచ్చిందని నవ్వుకున్నాం. ఫ్యాను పెడితే గుడ్డ జెండాలా కొట్టుకుంటుంది తప్ప అలా విచ్చుకోదని వాళ్ళే వాడిని పెట్టుకున్నారు. వాడికి ఆ విదిలింపు ఎక్కడినుంచి వచ్చిందో నీకు తెలుసు. దుప్పటి మడత పెట్టేటప్పుడు అటు కొసలు నువ్వు పట్టుకోనని ఏడిస్తే వాడు పట్టుకునేవాడు. చెయ్యి ఊపకురా, మణికట్టు తిప్పు అని నేనే చెప్పాను. టప్ మని గాలి నిండేది. ఊరంతా ఈలలు వేసింది ఆ దుప్పటి దెబ్బకే!

ఒక మాట నా బుర్రలో రోజూ తిరుగుతోంది. దెయ్యం సినిమాలో గాలి లేకుండా తెర కదిలితే కెవ్వుమంటారు. వీరుడి సినిమాలో గాలి లేకుండా గుడ్డ కదిలితే చప్పట్లు కొడతారు. రెండు చోట్లా ఎవరో తల్లి కన్న బిడ్డే నక్కి కూర్చుని లాగుతున్నాడు. వాడి గురించి ఎవరికీ అక్కర్లేదు.

మీ అన్న రెండో భాగం పని ముగించుకుని బండి మీద వస్తూ రోడ్డున పోయాడు. దినాలు గడవక ముందే కంపెనీ మనిషి గుమ్మంలో నిలబడి పచ్చ డ్రెస్సు అడిగాడు. నీకు ఇది చెప్పలేదు. ఉతికి, ఇస్త్రీ చేసి చేతిలో పెట్టాను. వాడు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మా, ఈ కొలత ఇంకొకడికి సరిపోతుందిలే" అన్నాడు. మంచి మాట అన్నాననుకున్నాడు పాపం. నేను తలుపు వేసేశాను.

అన్నిటికంటే నన్ను కోసేసింది నీ ఉత్తరంలో మాట. నీది కాదు, మీ పైఅధికారిది. ఆ బొమ్మలు నీకిస్తూ 'ఆ పచ్చ మరక తీసెయ్యి' అన్నాడని రాశావు. మీ ఆఫీసులో అలాగే అంటారు, ఆయనకి ఏం తెలుసు అని కూడా రాశావు. ఆయనకి తెలియకపోవచ్చు, నాకు తెలుసు. నా బతుకంతా మరకలతోనే. మరక అంటే ఎవడో అజాగ్రత్తగా ఒలకబోసి, చూడకుండా పోయింది. నా బిడ్డ ఎవరూ ఒలకబోస్తే పడినవాడు కాదు. నువ్వు ఆయనకి చెప్పు. కోపంగా వద్దు, ఉద్యోగం నీది. మెల్లగానే చెప్పు, 'అండీ, అది మరక కాదు, మా అన్న' అని. ఆయన మంచివాడైతే మాట మార్చుకుంటాడు.

నీ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించాను. అంతా విన్నారు. తర్వాత అన్నారు.

"ఒక్క వేలు ఉంచమను."

"ఏమిటి?"

"వాడి వేలు ఒకటి. ఎక్కడో ఒక మూల. మనకి తెలిస్తే చాలు. ఎవరు చూడొచ్చారు?"

నాకూ అదే మంచిదనిపించింది. వేలు ఒక్కటేనా, చెయ్యి ఉంచమను, మొత్తం ఉంచమను, వాళ్ళ కంప్యూటరు అబద్ధం బయటపడనీ అని కూడా అన్నాను. నీకు అలాగే రాద్దామని కాగితం తీశాను. అప్పుడు గుర్తొచ్చింది, మొదటి భాగం చూడ్డానికి వాడు మమ్మల్ని తీసుకెళ్ళిన రోజు. నువ్వప్పటికే ఆ ఊళ్ళో ఉద్యోగంలో చేరావు, ఈ కథ నీకు తెలియదు.

వాడు మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. గుడ్డ ఎగిరినప్పుడల్లా నా చెవిలో, "కనపడ్డానా? కనపడ్డానా?" అని అడిగేవాడు. ఎంత కళ్ళు చించుకున్నా నాకేం కనపడితేగా! పాపం ఇంత కష్టపడ్డాడే, ఏమీ లేదంటే బాధపడతాడని, "కనపడ్డావు నాన్నా, చక్కగా కనపడ్డావు" అన్నాను.

పిచ్చుకా, వాడి మొహం పాలిపోయింది. "ఎక్కడమ్మా? ఏ సీన్లో? ఏది కనపడింది, చెయ్యా, తలా?" అంటాడు. సినిమా చూడనివ్వడే! ఇంటికి వచ్చేదాకా ఒకటే గోల. "ఒక్క వేలు కనపడితే నా పని మొత్తం దండగమ్మా. అంతమంది గుడ్డ చూడటం మానేసి నా వేలు చూస్తారు." అన్నం ముందు కూర్చుని కెలుకుతున్నాడు. ఇక లాభం లేదని, "అబద్ధం చెప్పానురా, నువ్వు ఎక్కడా కనపడలేదు" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు. నువ్వు పుట్టనే లేదన్నట్టుంది అక్కడ."

అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు చూడాల్సింది నువ్వు. మళ్ళీ వడ్డించమని కంచం చాపాడు. పుట్టనే లేదన్నట్టుంది అంటే పకపకా నవ్వే బిడ్డని నేనొక్కదాన్నే కన్నాను కాబోలు!

ఇప్పుడు ఇంకొకటి చెప్పాలి. చెప్పకుండా ఇంతదాకా లాక్కొచ్చాను. మీ నాన్నకి తెలియదు, పిన్నికి తెలియదు. నువ్వు నవ్వకూడదు.

ఆ దెయ్యం సినిమాలను అంత తిట్టానా, తిట్టినవన్నీ నేనే చేశాను. పోయిన సెలవు రోజు, మధ్యాహ్నం. నడిరాత్రి చెయ్యాలంటారు గానీ అప్పటికి నాకు నిద్ర ఆగదు. మీ నాన్న డ్యూటీలో ఉన్నారు. కిటికీలు మూశాను. ఫ్యాను ఆపాను. అద్దం ముందు నిలబడి వాడి పేరు పిలిచాను, మళ్ళీ పిలిచాను, మళ్ళీ. అద్దంలో నేనే ఉన్నాను, జుట్టు చెదిరి. రేడియో పెట్టి ఏ స్టేషనూ రాకుండా తిప్పి ఉంచాను. బుస్సుమంది, అంతే. గది తలుపు ఓరగా వేశాను. ఉన్నట్టుండి సిగ్గేసినా, "ఎవరది?" అని కూడా అడిగాను. 'నేనేనమ్మా' అంటాడేమో అని. ఆ కొవ్వొత్తి పిల్ల అలా ఎందుకు అడుగుతుందో అప్పుడు అర్థమైంది. ఎవరో ఉండాలని అడుగుతుంది.

చివరికి గదిలో తాడు కట్టి ఉతికిన దుప్పటి ఆరేసి ఎదురుగా కూర్చున్నాను. వాడు వస్తే దేన్ని కదుపుతాడు, గుడ్డనే కదా! కళ్ళార్పకుండా చూస్తున్నాను. అటక మీదనుంచి ధబ్బుమని ఏదో దూకింది. "నాన్నా!" అని అరిచేశాను. పిన్ని వాళ్ళ పిల్లి.

సంతోషమేసింది పిచ్చుకా. ముందు పిల్లి, తర్వాత అసలుది. అదే కదా పద్ధతి! కదలకుండా కూర్చున్నాను. వెలుతురు తగ్గేదాకా కూర్చున్నాను. దుప్పటి గోడలా నిలబడి ఉంది.

అబద్ధాలకోరు సినిమాలు! పగలు, ప్రతీకారాలు, పీకలు నొక్కడాలు! పోయినవాళ్ళు రాగలిగితే పగ కోసం వస్తారా? నా కొడుకు వస్తే తిన్నగా వంటింట్లోకి వచ్చి ఏముందమ్మా అని మూత తీసేవాడు. అలా ఒక్క సినిమా తియ్యమను చూద్దాం.

మీ నాన్న వచ్చే వేళైందని లేచాను. దుప్పటి తాడు మీదనుంచి లాగి, మడత పెట్టే ముందు అలవాటు కొద్దీ విదిలించాను. టప్ మంది. గాలి నిండి పైకి లేచింది. లేచి, పడకుండా ఒక్క క్షణం అలా నిలబడింది చూడు, థియేటర్లో ఈలలు వేసింది సరిగ్గా అక్కడే. నేను కొసలు వదిలెయ్యలేదు. మళ్ళీ విదిలించాను. మళ్ళీ. మీ నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నారని కూడా తెలియలేదు. చెప్పులు విప్పి వచ్చి అటు కొసలు పట్టుకున్నారు.

ఇక నీ మాటకి జవాబు. వేరేవాళ్ళకి ఇవ్వకు. నువ్వే తుడువు. వేలు కూడా ఉంచకు, మీ నాన్నతో నేను చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు. వేలు కనపడితే వాడు ఊరుకోడు. పరాయివాళ్ళు తొందరలో బరబరా గీకేస్తారు, గుడ్డ అంచు దెబ్బ తింటుంది. నువ్వు నా కూతురివి, నీకు చెప్పక్కర్లేదు, అయినా చెబుతున్నాను. చుట్టూ అంచుల దగ్గర మొదలుపెట్టి మెల్లగా లోపలికి రా. చేతులు చివరికి ఉంచుకో.

తుడిచే ముందు ఒక్కసారి నా బదులు చూడు. మోకాళ్ళు మడిచి కూర్చున్నాడా, నొప్పిగా ఉన్నాడా, ఆ వలలోంచి ఇటు చూశాడా. మణికట్టు తిప్పుతున్నాడా, చెయ్యి ఊపుతున్నాడా. అది మాత్రం నాకు రాయి. బొమ్మ పంపకు, దాచకు, నీ ఉద్యోగం మీదకి తెచ్చుకోకు. సినిమా వచ్చాక నేనూ మీ నాన్నా వెళతాం. ఊదా గుడ్డ లేచిన ప్రతిచోటా ఎవరున్నారో మాకు తెలుసు. ఎవరు తుడిచారో కూడా తెలుసు. కనపడ్డానా అంటే కనపడలేదనే చెబుతాం, మీ ఇద్దరికీ.

ఆ పని ముందు పెట్టుకుని తిండి మానేస్తావని నా భయం. ఖాళీ కడుపుతో వాడి ముందు కూర్చోకమ్మా. చేతులు వణుకుతాయి. వేడిగా, కడుపు నిండా తిని కూర్చో.

ఇట్లు,
చిలకకీ పిచ్చుకకీ
అమ్మ